పతకాలు, ఒప్పందాలు, పరిశోధన: వరంగల్ ఇంజినీరింగ్ విభాగాల ముందున్న ప్రశ్న

ఏ ఇంజినీరింగ్ విభాగం వార్షిక నివేదిక తిరగేసినా రెండు జాబితాలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి విద్యార్థులు గెలుచుకున్న పరిశోధన అవార్డులది. రెండోది విదేశీ విశ్వవిద్యాలయాలతో కుదుర్చుకున్న అవగాహన ఒప్పందాలది (ఎంఓయూలు). గుర్తింపు బృందాలు తనిఖీకి వచ్చినా, ర్యాంకుల కోసం వివరాలు పంపాల్సి వచ్చినా ముందు బయటికి తీసేది ఈ జాబితాలనే. అవి పెరిగితే పరిశోధన పెరిగినట్టేనా? వరంగల్‌లో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉంది. దేశంలో తొలి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల (ఆర్‌ఈసీ) పుట్టిన ఊరిది. ఆ కళాశాలే నేటి ఎన్‌ఐటీ. పక్కనే కాకతీయ విశ్వవిద్యాలయం, 1980లో మొదలైన కిట్స్, ఆ తర్వాత వచ్చిన ఎన్నో ప్రైవేటు కళాశాలలు ఉన్నాయి.

ఈ చర్చ చిక్కుపడటానికి కారణం మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడమే. అవార్డు విద్యార్థిని మంచి పరిశోధకుడిగా మారుస్తుందా? విదేశీ భాగస్వామ్యం విభాగం స్థాయిని పెంచుతుందా? ఈ రెండింటి ఫలితం చివరికి ఎవరికి దక్కుతోంది? వీటిని విడదీసి చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

ఎక్కడి నుంచి మొదలైంది

వరంగల్ ఆర్‌ఈసీకి 1959 అక్టోబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అదే కాలంలో ఐఐటీలు ఒక్కొక్కటీ ఒక్కో విదేశీ అండతో ఎదుగుతున్నాయి. బాంబే ఐఐటీకి యునెస్కో ద్వారా సోవియట్ సాయం అందింది. మద్రాస్‌కు పశ్చిమ జర్మనీ, ఢిల్లీకి బ్రిటన్ తోడు నిలిచాయి. కాన్పూర్‌కు 1962 నుంచి 1972 దాకా తొమ్మిది అమెరికా విశ్వవిద్యాలయాల బృందం అండగా ఉంది. ప్రయోగశాల పరికరాలు, అధ్యాపకుల శిక్షణ, పాఠ్య ప్రణాళిక అన్నీ ఆ బంధాల్లో భాగంగానే వచ్చాయి.

ఆర్‌ఈసీల పుట్టుక వేరు. అవి కేంద్రం, రాష్ట్రం కలిసి పెట్టిన సంస్థలు. సగం సీట్లు సొంత రాష్ట్రానికి, సగం మిగతా రాష్ట్రాలకు. పంచవర్ష ప్రణాళికల కింద కడుతున్న ఆనకట్టలు, కర్మాగారాలు, విద్యుత్ కేంద్రాలకు ఇంజినీర్లను తయారు చేయడం వాటి ప్రధాన బాధ్యత. పరిశోధన జరిగినా, దాన్ని కేంద్రంగా పెట్టుకుని ఏర్పడిన వ్యవస్థ కాదది.

2002లో ఆర్‌ఈసీ ఎన్‌ఐటీ అయింది. 2007 నాటి ఎన్‌ఐటీ చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థల సరసన నిలిపింది. అక్కడి నుంచి పీహెచ్‌డీలు, పరిశోధన పత్రాలు, ప్రాజెక్టు నిధులు విభాగాల పనితీరుకు కొలమానాలయ్యాయి. 2015 నవంబర్‌లో కేంద్రం జియాన్ పథకాన్ని ప్రారంభించింది. విదేశీ ఆచార్యులు ఇక్కడికి వచ్చి ఒకటి రెండు వారాల పాటు కోర్సు చెప్పి వెళ్లడం దాని స్వరూపం. వరంగల్ ఎన్‌ఐటీలో ఇలాంటి కోర్సులు చాలా జరిగాయి. 2018లో వచ్చిన స్పార్క్ పథకం ఇంకో అడుగు ముందుకేసి, ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టులకూ, మన విద్యార్థులు విదేశీ ప్రయోగశాలల్లో కొంతకాలం పని చేయడానికీ నిధులిచ్చింది.

2016 నుంచి కేంద్రం వెలువరిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు పోటీని బాహాటం చేశాయి. ఇంజినీరింగ్ విభాగంలో వరంగల్ ఎన్‌ఐటీ 2023లోనూ 2024లోనూ 21వ స్థానంలో నిలిచింది. ఈ ర్యాంకుల్లో పరిశోధనకు నూటికి 30 పాళ్లు. ఇతర రాష్ట్రాలు, దేశాల నుంచి వచ్చే విద్యార్థుల వాటాకూ, నిపుణుల్లో సంస్థకున్న పేరుకూ విడిగా మార్కులున్నాయి. అవార్డులు, ఒప్పందాల మీద ఆసక్తి పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

అవార్డు పేరుతో నాలుగు వేర్వేరు పనులు

విద్యార్థులకిచ్చే పరిశోధన గుర్తింపులన్నింటినీ అవార్డులనే అంటున్నాం. నిజానికి అవి చేసే పని ఒకటి కాదు.

మొదటి రకం పూర్తయిన పనికిచ్చే గౌరవం. భారత జాతీయ ఇంజినీరింగ్ అకాడమీ బీటెక్, ఎంటెక్, పీహెచ్‌డీ స్థాయుల్లో వినూత్న ప్రాజెక్టులకిచ్చే పురస్కారాలు, సదస్సుల్లో ఇచ్చే ఉత్తమ పత్రం బహుమతులు ఈ కోవలోవి. రెండో రకం పోటీ. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో సమస్యను ప్రభుత్వ శాఖలు లేదా సంస్థలు ఇస్తాయి, పరిష్కారాన్ని విద్యార్థులు గడువులోగా తయారు చేయాలి. మూడో రకం జీవనాధారం. 2018 బడ్జెట్‌లో ప్రకటించిన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్‌లో మొదటి రెండేళ్లు నెలకు రూ.70,000, మూడో ఏడు రూ.75,000, తర్వాత రూ.80,000 ఇస్తారు. పరిశోధన ఖర్చులకు ఏటా రూ.2 లక్షలు అదనం. నాలుగోది ప్రయాణం. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్, బీటెక్ విద్యార్థులు వేసవిలో 12 వారాలు కెనడా ప్రయోగశాలల్లో పని చేసే మైటాక్స్ గ్లోబలింక్ ఇందుకు ఉదాహరణలు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మొదటిది పని అయ్యాక వస్తుంది, మూడోది పని చేయడానికి వీలు కల్పిస్తుంది. సాధారణ పరిశోధక విద్యార్థికి 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన పెంపు తర్వాత కూడా జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు రూ.37,000, సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) రూ.42,000. అంటే ఒకే ప్రయోగశాలలో, ఒకే గైడు దగ్గర, పక్కపక్క బల్లల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి రెండోవారి కంటే దాదాపు రెట్టింపు వస్తుంది. ప్రతిభకు పట్టం కట్టడమని దీన్ని సమర్థించేవారున్నారు. పీహెచ్‌డీ మొదట్లోనే వేసిన ఈ గీత మిగతావారిని కుంగదీస్తుందనేవారూ ఉన్నారు.

ఒప్పందాల్లోనూ మూడు అంతస్తులు

ఎంఓయూ అనేది కలిసి పని చేద్దామనే సుముఖత పత్రం. రెండు వైపులా ఒక్కో సమన్వయకర్త, కొన్నేళ్ల కాలపరిమితి, సహకరించుకోదగిన రంగాల జాబితా ఉంటాయి. డబ్బు ఎవరు పెడతారు, విద్యార్థి ఎన్ని నెలలు ఉంటాడు, క్రెడిట్లు ఎలా లెక్కిస్తారు, పేటెంటు వస్తే ఎవరిది అనేవి సాధారణంగా విడి ఒప్పందాల్లో తేలాలి. ఆ రెండో కాగితం రాకపోతే మొదటిది ఫైల్లోనే గడువు తీరిపోతుంది.

రెండో అంతస్తు నిధులతో కూడిన ఉమ్మడి ప్రాజెక్టు. ఇక్కడ పని ఉంటుంది, లెక్క చెప్పాల్సిన బాధ్యత ఉంటుంది. అయితే నిధి అయిపోగానే బంధం సడలే ప్రమాదమూ ఉంది. మూడోది డిగ్రీతో ముడిపడిన భాగస్వామ్యం. ఐఐటీ బాంబే, ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం 2008లో ఉమ్మడి పరిశోధన అకాడమీ పెట్టాయి. మన రాష్ట్రంలోనే ఐఐటీ హైదరాబాద్‌కు ఆస్ట్రేలియాకే చెందిన స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయంతో ఉమ్మడి డాక్టరేటు కార్యక్రమం ఉంది. జపాన్‌తో దాని అనుబంధం మరీ లోతైనది. క్యాంపస్ నిర్మాణానికి జపాన్ రుణసాయం, విద్యార్థులు అక్కడ పై చదువులు చదివేందుకు జైకా ఉపకార వేతనాలు, ఉమ్మడి పరిశోధన, అన్నీ ఒకే దేశంతో ఏళ్ల తరబడి సాగుతున్నాయి.

2022 మేలో యూజీసీ ట్విన్నింగ్, జాయింట్, డ్యూయల్ డిగ్రీలకు నిబంధనలు తెచ్చింది. నాక్‌లో కనీసం 3.01 స్కోరు గానీ, ఎన్‌ఐఆర్‌ఎఫ్ విశ్వవిద్యాలయాల్లో తొలి వంద స్థానాల్లో చోటు గానీ, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎమినెన్స్ హోదా గానీ ఉంటే, ప్రపంచ ర్యాంకుల్లో తొలి వెయ్యిలో ఉన్న విదేశీ సంస్థతో నేరుగా చేతులు కలపవచ్చు. జాయింట్ డిగ్రీలో ప్రతి సంస్థలోనూ కనీసం 30 శాతం క్రెడిట్లు సంపాదించాలి. తలుపు తెరుచుకుందన్న మాట నిజమే. అది ఇప్పటికే ముందున్నవారికి తెరుచుకుందన్నది కూడా అంతే నిజం.

నాలుగు ఆలోచనా ధోరణులు

*ప్రోత్సాహక ధోరణి.* అవార్డు ఉంటే విద్యార్థి కష్టపడతాడు, చూసి జూనియర్లూ నేర్చుకుంటారు అన్నది వీరి వాదం. ఇందులో పస ఉంది. అమెరికాలో ఎంఐటీ 1969లోనే డిగ్రీ విద్యార్థులను ఆచార్యుల పరిశోధనలో భాగం చేసే కార్యక్రమం మొదలుపెట్టింది. విద్యార్థి పరిశోధనకు గుర్తింపు, వేతనం, క్రెడిట్లు ఇచ్చే సంప్రదాయం అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. ఎదుటి పక్షానికీ ఆధారాలున్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసీ 1971 ప్రయోగంలో, పజిళ్లు విప్పినందుకు డబ్బు తీసుకున్న విద్యార్థులు డబ్బు ఆగాక వాటి మీద ఆసక్తి తగ్గించుకున్నారు. 1994లో పరిశోధకులు కామెరాన్, పియర్స్ అనేక అధ్యయనాలను కలిపి చూసి, బహుమతి వల్ల మొత్తం మీద ఆసక్తి చచ్చిపోదని వాదించారు. 1999లో డెసీ బృందం మళ్లీ లెక్కలు వేసి తమ వాదనకు కట్టుబడింది. ఈ వాదోపవాదాల నుంచి మనకు పనికొచ్చేది ఒకటుంది: బహుమతి ఉందా లేదా అన్నదాని కంటే, అది దేన్ని మెచ్చుకుంటోంది అన్నదే అసలు విషయం.

*అంతర్జాతీయ ధోరణి.* మంచి పరికరాలు, కఠినమైన సమీక్ష, వేరే పద్ధతిలో ఆలోచించే సహచరులు దొరికితేనే స్థాయి పెరుగుతుందని వీరి నమ్మకం. ఖరీదైన ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ముందు స్లాట్ కోసం వారాల తరబడి ఎదురుచూసే మెటలర్జీ విద్యార్థికి ఆరు నెలల విదేశీ అవకాశం ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. మేధో వలస అనే పాత భయానికి ఈ పక్షం పరిశోధకురాలు అన్నాలీ సాక్సెనియన్ అధ్యయనాలను బదులుగా చూపుతుంది. వెళ్లినవారు పెట్టుబడి, పరిచయాలు, నైపుణ్యం వెనక్కి పంపుతారన్నది ఆమె సిద్ధాంతం. అమెరికాలో స్థిరపడిన వరంగల్ పూర్వ విద్యార్థుల సంఖ్య చూస్తే ఇది ఇక్కడా వర్తిస్తుందనిపిస్తుంది. అయితే ఆ తోడ్పాటు దానంగా వస్తోందా, ఉమ్మడి పరిశోధనగా వస్తోందా అన్నది విడిగా చూడాలి.

*స్థానిక అవసరాల ధోరణి.* సమస్య మనదైనప్పుడే పరిశోధన మనదవుతుందంటారు వీరు. వీరికి ఇష్టమైన ఉదాహరణ చింతకింది మల్లేశం. వరంగల్, హైదరాబాద్ మధ్య ఉన్న ఆలేరు ప్రాంతంలో, చీర చీరకూ వేల సార్లు చేయి ఆడించి నూలు ఆసు పోసే తల్లి కష్టం చూసి ఆయన 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఏ ఇంజినీరింగ్ కళాశాలలోనూ చదవలేదు. ముందు సమస్య, ఏళ్ల తరబడి ప్రయత్నం, చివర్న పురస్కారం అన్న వరుస ఇక్కడ స్పష్టంగా ఉంది. అయితే ఒక పరిమితిని కూడా ఒప్పుకోవాలి. చిప్ రూపకల్పన, గణన పద్ధతులు, పదార్థాల భౌతిక శాస్త్రం లాంటి రంగాల్లో ప్రశ్నకు ఊరు ఉండదు. అన్నింటినీ స్థానికతతో కొలిస్తే మౌలిక పరిశోధన నష్టపోతుంది.

*సమానత్వ ధోరణి.* సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లో సైన్స్ రంగంలో గుర్తింపు గుర్తింపునే తెచ్చిపెడుతుందని వివరించారు. పేరున్నవారికే తర్వాతి అవకాశమూ వెళ్తుంది. మన దగ్గర ఇది సంస్థల మధ్య కనిపిస్తుంది. వరంగల్‌ను ఆనుకున్న హనుమకొండలో ఒకే రోడ్డు మీద పోయే బస్సులో ఎన్‌ఐటీ విద్యార్థి, ప్రైవేటు కళాశాల విద్యార్థి పక్కపక్కనే కూర్చోవచ్చు, కానీ ఫెలోషిప్ దరఖాస్తులో మొదటివారికి ఉన్న అర్హత రెండోవారికి చాలాసార్లు ఉండదు. విభాగం లోపలా అంతే. ఇంగ్లిషులో మెరుగ్గా రాయగలవారు, పాస్‌పోర్టు సిద్ధంగా ఉన్నవారు, వీసా, విమాన టికెట్ ఖర్చు ముందుగా పెట్టుకుని తర్వాత తిరిగి రాబట్టుకోగలవారే ముందుంటారు.

పోలికలో చూస్తే

• ప్రోత్సాహక ధోరణి అడిగేది: ఎందరు గెలిచారు? బలం: ఉత్సాహం, కనిపించే ఫలితం. బలహీనత: గెలుపు కోసం చిన్న, భద్రమైన ప్రశ్నలనే ఎంచుకోవడం.

• అంతర్జాతీయ ధోరణి అడిగేది: ఎవరితో కలిశాం? బలం: పరికరాలు, ప్రమాణాలు. బలహీనత: ప్రశ్న అవతలివారిది, శ్రమ మనది అయ్యే ప్రమాదం.

• స్థానిక ధోరణి అడిగేది: ఎవరికి పనికొచ్చింది? బలం: సమాజంతో అనుబంధం. బలహీనత: మౌలిక పరిశోధనను చిన్నచూపు చూడటం.

• సమానత్వ ధోరణి అడిగేది: ఎవరు మిగిలిపోయారు? బలం: న్యాయ దృష్టి. బలహీనత: పంపకం మీద ఉన్నంత శ్రద్ధ పరిశోధన నాణ్యత మీద ఉండకపోవడం.

నాలుగు పక్షాలూ ఒక్క విషయంలో ఏకమవుతాయి. బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు చాలాచోట్ల నీరసంగా ఉందన్నదే ఆ విషయం. 'బేస్ పేపర్' ఒకటి వెతుక్కుని దాన్నే కాస్త మార్చి చూపించడం, హైదరాబాద్ అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కోవడం తెలంగాణ విద్యార్థులందరికీ తెలిసిన దారులే. రివ్యూ రోజున స్లైడ్లు మారుతుంటాయి, బ్లాక్ డయాగ్రామ్ వస్తుంది, 'ఫ్యూచర్ స్కోప్'తో ముగుస్తుంది. ఈ ఫలితం ఎందుకు వచ్చింది, ఏ ప్రయత్నం విఫలమైంది అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఉండదు. పునాది ఇలా ఉండగా పైన ఎన్ని అవార్డులు పెట్టినా అవి కొద్దిమందిని ఏరుకుంటాయే తప్ప పరిశోధన అలవాటును పెంచవు.

ఒక దగ్గరి ఉదాహరణ: నాలా, చెరువు

నాలుగు ధోరణులూ ఒకచోట కలిసే అవకాశం వరంగల్‌లోనే ఉంది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నగరంలో కాలనీలు నీట మునిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. నయీంనగర్ నాలా పొంగడం స్థానికులందరికీ అనుభవమే. ఇది కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల ప్రాంతం. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు చేరేలా నిర్మించిన ఏర్పాటు. దారిలో ఇళ్లు, రోడ్లు వచ్చాక ఆ నీరు ఎంత వేగంగా, ఎక్కడికి వెళ్తోంది?

దీనికి జవాబు వెతకాలంటే సివిల్ విభాగం నాలా వెడల్పు, వాలు, మలుపులు కొలవాలి. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు నీటి మట్టాన్ని కొలిచే చవకైన సెన్సర్లు చేయాలి. కంప్యూటర్ సైన్స్ వారు గంట గంటకూ వర్షపాతంతో ముందస్తు అంచనా కట్టాలి. పట్టణ వరదల నమూనాల్లో దశాబ్దాల అనుభవం ఉన్న నెదర్లాండ్స్ లేదా జపాన్ విశ్వవిద్యాలయం భాగస్వామి కావచ్చు. కానీ కొలతలు వరంగల్‌లోనే తీయాలి. ఆ డేటా వరంగల్‌లోనే ఉండాలి. దాన్ని నగరపాలక సంస్థ వాడాలి. ఇలాంటి పనికి వచ్చే అవార్డు ఏ ఒక్క విద్యార్థిదో కాదు, మూడు నాలుగు బ్యాచ్‌లది. రెండో బ్యాచ్ మొదటి బ్యాచ్ డేటా మీద నిలబడగలిగితే, మొదటి బ్యాచ్‌కు ఏ పతకమూ రాకపోయినా అది గొప్ప పరిశోధనే.

ఇంకా తేలనివి

*కొలమానం.* 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తొలగించింది. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికలు ఎంత లోతుగా పాకాయో అప్పుడు తెలిసింది. 2022 నవంబర్‌లో యూజీసీ పీహెచ్‌డీకి ముందు జర్నల్ పత్రం తప్పనిసరి అన్న షరతును ఎత్తేసింది. 2025 ర్యాంకుల్లో ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఉపసంహరించుకున్న పత్రాలకు మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది. అంతర్జాతీయ స్థాయిలో 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో జర్నల్ పేరుతో పరిశోధకుడిని కొలవొద్దన్నాయి. ఎన్‌ఐటీలు తమ నిబంధనలను తమ సెనేట్ల ద్వారానే నిర్ణయించుకుంటాయి కాబట్టి ఈ మార్పు ఎంత లోపలికి వస్తుందన్నది ఆయా సంస్థల చేతిలో ఉంది.

*పేరు ఎవరిది.* విద్యార్థి చేసిన పనిలో గైడు పేరు, విదేశీ సహ పర్యవేక్షకుడి పేరు ఏ వరుసలో ఉండాలి? అవార్డు దరఖాస్తులో ఎవరి కృషి ఎంతని ఎవరు ధ్రువీకరించాలి? నోటి మాట మీద నడుస్తున్న ఈ వ్యవహారం బలహీనమైన పక్షానికి, అంటే విద్యార్థికి, నష్టం చేస్తుంది.

*మేధోసంపత్తి.* ఉమ్మడి ప్రయోగశాలలో పుట్టిన ఆలోచన పేటెంటు దాకా వెళ్తే హక్కు పంపకం ముందే రాసుకోవాలి. ఎంఓయూలో ఆ మాట లేకపోతే, పెద్ద న్యాయ విభాగం ఉన్న సంస్థదే పైచేయి అవుతుంది.

*భాష.* చెరువు మీద, పత్తి మీద, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ధాన్యం తేమ మీద చేసిన పరిశోధన ఫలితం రైతుకు తెలుగులో చేరాలా? చేరాలంటే ఆ సారాంశం ఎవరు రాయాలి? దీనికి ఏ అవార్డులోనూ మార్కులు లేవు.

ఏ దారిలో నడవాలి

ఇంతవరకూ చూసిన వాదాల్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు. అయినా వాటిని తూకం వేస్తే ఒక నిర్ణయానికి రావచ్చు. అవార్డును, ఒప్పందాన్ని విభాగం సాధించిన ఫలితంగా లెక్కించినంత కాలం ఈ చిక్కు విడదు. వాటిని విద్యార్థికి సమయం, పరికరం, గైడు శ్రద్ధ సమకూర్చే సాధనాలుగా లెక్కించాలి.

ఇది మాటల్లో తేలిక. ఆచరణలో కొన్ని నిర్ణయాలు కావాలి. విభాగం ఇచ్చే ఉత్తమ ప్రాజెక్టు బహుమతికి నోటు పుస్తకం, ముడి డేటా, విఫలమైన ప్రయత్నాల వివరం సమర్పించడం షరతు చేయాలి. మరో విద్యార్థి ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి అదే ఫలితం తెస్తే అతనికీ బహుమతి ఇవ్వాలి. పూర్వ విద్యార్థుల విరాళాలతో పెట్టే పతకాల్లో కొన్నింటిని పని మొదలుపెట్టే ముందే ఇచ్చే చిన్న నిధులుగా మార్చవచ్చు. ప్రయాణ నిధిని తిరిగి చెల్లింపుగా కాక ముందస్తుగా ఇస్తే పేదింటి విద్యార్థికీ తలుపు తెరుచుకుంటుంది. ఎన్‌ఐటీ ప్రయోగశాలల్లో కొన్ని గంటలను కాకతీయ విశ్వవిద్యాలయం, ఇతర కళాశాలల విద్యార్థులకు కేటాయిస్తే, విదేశీ ఒప్పందం కంటే చవకగా, త్వరగా ఫలితమిచ్చే భాగస్వామ్యం ఇంట్లోనే మొదలవుతుంది.

ఎంఓయూల విషయంలో ఏటా మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఎందరు విద్యార్థులు వెళ్లారు, ఎందరు వచ్చారు? కలిసి చేసిన పనిలో మన ప్రశ్న ఎంత? ఒప్పందం ముగిసిన తర్వాత మన ప్రయోగశాలలో ఏం మిగిలింది? మూడింటికీ జవాబు లేనిదాన్ని పొడిగించకుండా వదిలేయాలి. పది దేశాలతో పలకరింపు కంటే ఒక్క దేశంతో పదేళ్ల స్నేహం ఎంత బలంగా నిలుస్తుందో ఐఐటీ హైదరాబాద్-జపాన్ బంధం చూపింది.

వరంగల్ ఆర్‌ఈసీ పుట్టినప్పుడు దేశం దాని నుంచి ఇంజినీర్లను కోరింది, అది ఇచ్చింది. ఇప్పుడు దేశం పరిశోధకులను కోరుతోంది. ఆ పరిశోధకులు మొదటి ఏడాది బీటెక్ తరగతిలోనే కూర్చుని ఉన్నారు. వారికి మంచి ప్రశ్న, దాని మీద పని చేసే తీరిక, తప్పు చేసినా మార్కులు కోయని గైడు దొరికేలా చూడటం విభాగాల మొదటి బాధ్యత. ఆ పని జరిగిన చోట అవార్డులూ, విదేశీ భాగస్వాములూ వెతుక్కుంటూ వస్తారు.